విడివిడిగా రుబ్బిన భోజనం

జనవరి 11

అక్కా,

ఫోన్ చేసి అడగొచ్చు కదా అంటావు. ఫోన్ చేస్తే నువ్వు షాపులో ఉంటావు. మోటార్ల చప్పుడులో సగం వినపడదు, వినపడిన సగానికి పోట్లాటకి వస్తావు. అందుకే కాగితం పట్టుకున్నాను.

విషయం చిన్నది. ఒక మంచి మిక్సీ కొనాలి. ఈ దేశంలో బ్లెండర్ అంటారు. నాలుగు నెలల్లో మూడు పోయాయి. మొదటిది కమురు వాసన కొట్టి ఆగిపోయింది. రెండోదానికి జార్ కింద రబ్బరు పళ్లు అరిగిపోయాయి, మోటారు తిరుగుతుంటే జార్ చోద్యం చూస్తుంది. మూడోది తిరుగుతుంది గానీ నలగదు, పీచు మిగిలిపోతుంది. షాపుకి వెళ్తే ఒక గోడంతా ఇవే. ఒకదాని మీద వెయ్యి వాట్లని, పక్కదాని మీద రెండు వేలని, ఇంకోదాని మీద ఏడేళ్ల గ్యారంటీ అని రాసి ఉంది. "వీటిల్లో గట్టిది ఏది?" అని అమ్మే అతన్ని అడిగాను. "మీ వంటగది గోడలు ఏ రంగు?" అని అడిగాడు.

ఇరవై రెండేళ్లుగా మోటార్లు విప్పి చుట్టే మనిషివి. ఏం చూసి కొనాలో రాయి. నీళ్లు పెద్దగా పోయకుండానే గంధంలా నలగాలి. ఏళ్ల తరబడి ఉండాలి. మళ్లీ ఇంకోటి కొనే అవకాశం రాదు.

మేం బాగున్నాం. గోదాములో పని ఎప్పటిలాగే ఉంది. బావని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు


జనవరి 30

ఒరేయ్ తమ్ముడూ,

ఉత్తరం అందింది. బావకి చదివి వినిపించాను. "మిక్సీ గురించి అడిగాడు, అదేదో చెప్పెయ్" అన్నారు. చెప్పాలంటే ముందు నాకు కోపం దిగాలి కదా.

నాలుగు నెలల్లో మూడు మిక్సీలు తగలబెట్టిన ఇల్లు ఎలాంటిదో నాకు తెలుసు. రోజూ నా కౌంటర్ ముందుకు వచ్చేవి అలాంటి ఇళ్లే. మొగుడు మిక్సీని చంకలో పెట్టుకుని వస్తాడు. "మా ఆవిడకి వాడటం చేతకాదండీ" అంటాడు. "మీరు ఎప్పుడైనా వేశారా?" అంటాను. నవ్వుతాడు. స్విచ్ ఎటు తిప్పాలో చూపించమంటే జార్ మూత పట్టుకుంటాడు. ఈ బాపతు మనుషుల్ని ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను. నా సొంత తమ్ముడు కూడా ఈ క్యూలో నిలబడతాడని మాత్రం అనుకోలేదు.

గంధంలా నలగాలా? ఎవరి నాలుక కోసం? మరదలు ఆసుపత్రి లాండ్రీలో పొద్దంతా తడి దుప్పట్లు మోసి ఇంటికి వచ్చి నీకు గంధం తీయాలా? మిక్సీ వస్తే ఆడవాళ్లకి పని తగ్గుతుందని చెప్పింది మిక్సీలు అమ్ముకునేవాడే. తగ్గలేదు. రోలు ఉన్న రోజుల్లో ఒకటి నూరితే తిని లేచిన మగాడు, మిక్సీ వచ్చాక మూడు రకాలు అడుగుతున్నాడు. మిగిలిన టైమంతా వాడి కంచంలోకే పోయింది. దీన్ని ప్రగతి అని పిలిచేవాణ్ని ఒకసారి నా షాపు వెనక్కి తీసుకువస్తే కాలిపోయిన మోటార్ల గుట్ట చూపిస్తాను.

కోపం కాస్త దిగింది. ఇప్పుడు అడుగుతున్నాను, తిన్నగా జవాబులు రాయి. రోజుకి ఎన్నిసార్లు వేస్తున్నారు? ఒక్కోసారి ఎంతసేపు? లోపల పడేది ఏమిటి? వేసేది ఎవరు? కాలిపోయిన మొదటిదాన్ని పారేయకుండా ఉంటే అడుగు మూత విప్పు. మోటారుకి రెండు పక్కలా పెన్సిల్ ముక్కల్లా నల్లగా రెండు కార్బన్లు ఉంటాయి, చివర స్ప్రింగు ఉంటుంది. ఒకటి తీసి కవర్లో పెట్టి పంపు. మనుషులు అబద్ధాలు రాస్తారు, కార్బన్ రాయదు.

నీ కంచం సంగతి తేలేదాకా నీ మీద కోపంగానే ఉండే
అక్క


ఫిబ్రవరి 17

అక్కా,

నీ ఉత్తరం నీ మరదలు ముందే చదివేసింది. చదువుతూ నవ్వుతుంటే నాకు ఒళ్లు మండింది. నేను క్యూలో నిలబడలేదు. వేసేది నేనే. మూడింటినీ కాల్చింది నా చేత్తోనే.

ఇక లెక్క రాస్తున్నాను. రోజుకి దాదాపు నలభై సార్లు. ఒక్కోసారి ఒకటిన్నర నిమిషం, ఒక్కోసారి రెండు. ఉడికిన కూరగాయలు, మాంసం, దుంపలు. అన్నీ చిక్కగానే, నీళ్లు తక్కువ. నువ్వు అడిగిన నాలుగింటికి నాలుగు జవాబులూ ఇచ్చేశాను. కార్బన్ కవర్లో ఉంది, టిష్యూలో చుట్టాను. ఏ మిక్సీ కొనాలో ఇప్పటికైనా రాస్తావా? ఇక్కడ ఆలస్యం అయ్యేకొద్దీ కష్టం.

తమ్ముడు

వదినా, నేను మరదలిని. ఈ ఇంట్లో నాకు వండి పెట్టేది ఈయనే, ఆరు నెలల నుంచీ. మీ కోపం తప్పు చిరునామాకి వచ్చింది. కానీ చాలా రోజుల తర్వాత ఎవరో నా తరఫున అంత గట్టిగా తిట్టినట్టయింది, హాయిగా ఉంది. ఈయన మీకు చెప్పనిది ఒకటుంది. నేను చెప్పను. మీరే రాబట్టండి.


మార్చి 6

తమ్ముడూ,

తిట్టినందుకు క్షమాపణ మరదలికి చెబుతున్నాను, నీకు కాదు. నువ్వు అబద్ధం రాశావు కాబట్టి చెల్లుకు చెల్లు.

ఏ ఇంట్లోనూ రోజుకి నలభై సార్లు మిక్సీ తిరగదురా. పెళ్లివారి ఇంట్లో కూడా తిరగదు. నీ కార్బన్ని దీపం కింద పెట్టి చూశాను. స్ప్రింగు వైపు నీలంగా మారిపోయింది, అంటే వేడి. రెండో కొస గుంటలు గుంటలుగా తినేసినట్టుంది, అంటే ఆపడం మొదలుపెట్టడం, మళ్లీ ఆపడం. ఒకసారి మొదలుపెట్టినప్పుడల్లా మోటారు గుటుక్కున కరెంటు మింగుతుంది. ఇలాంటి కార్బన్లు నా దగ్గరికి ఒక్క చోటు నుంచే వస్తాయి. హోటళ్ల నుంచి.

గోదాము పోయింది కదా? ఆరు నెలలు అని మరదలు రాసిన రోజే అర్థమైంది. ఎక్కడో నలభై మందికి వండి పెడుతున్నావు, ఆ మాట నాకు చెప్పడానికి నీకు నోరు రాలేదు. ఎందుకురా? గోదాములో చేతులు కట్టుకుని నిలబడి నలుగురి చేత మోయిస్తే ఉద్యోగం, నలుగురికి వండితే నామోషీనా? ఈ తేడా ఎవరు చేశారో ఎప్పుడైనా ఆలోచించావా? చేతికి మసి అంటేవాళ్లని కింద కూర్చోబెట్టి, పెన్ను పట్టినవాళ్లు పైన కూర్చున్నారు. నేను మోటార్లు చుట్టడం మొదలుపెట్టినప్పుడు ఇంట్లో ఎవరెవరు ఏమన్నారో నీకు గుర్తుంది. ఆ రోజు నా పక్కన నిలబడింది నువ్వే. ఇవాళ నీ పక్కన నువ్వే నిలబడలేకపోయావు.

సరే, మిక్సీ. డబ్బా మీది వాట్లు నమ్మకు. అది మోటారు ఒక్క క్షణం గుంజుకునే లెక్క, రోజంతా ఇచ్చేది కాదు. జార్ కిందా, మోటారు మీదా కలిసే పళ్లు రబ్బరువైతే అక్కడే వదిలేసి వచ్చెయ్, లోహంవి కావాలి. వేడెక్కితే తనంతట తనే ఆగిపోయి, చల్లారాక బటన్ నొక్కితే మళ్లీ లేచేది కావాలి. అడుగు మూత మామూలు స్క్రూలతో బిగించి ఉందా చూడు. విప్పడానికి వీల్లేకుండా అతికించి ఉంటే, వాడు దాన్ని అమ్మిన రోజే దాని చావు తేదీ కూడా రాసుకున్నాడన్నమాట. కార్బన్లు, బేరింగు, బ్లేడు విడిగా దొరుకుతాయా అని అడుగు. "పాడైతే కొత్తది తీసుకోండి" అన్నాడంటే ఆ షాపు గడప దిగెయ్. ఇళ్లకి అమ్మేవి వద్దు, హోటళ్లకి అమ్మే రకం చూడు. మోటారు రెండు హార్స్ పవర్ ఉండాలి, జార్ వెడల్పుగా, పెద్దగా ఉండాలి. నలభై మందికి చిన్న జార్లో వేస్తూ కూర్చుంటే ఇంకో మూడు కాలుస్తావు.

నిజం ఎప్పుడు రాస్తావో చూస్తుండే
అక్క


మార్చి 25

అక్కా,

సగం పట్టుకున్నావు.

గోదాము మూసేశారు, నిజమే. ఇప్పుడు చేస్తున్నది హోటల్లో కాదు. ముసలివాళ్లని ఉంచి చూసుకునే ఇల్లు ఒకటుంది, దాని వంటగదిలో. పొడుగ్గా ఒక గది, స్టీలు బల్లలు, కిటికీ అవతల ఆంబులెన్సు ఆగే చోటు. నాకు అప్పగించింది మింగలేని వాళ్ల తిండి. అలాంటివాళ్లు ఆరుగురు. పక్షవాతం వచ్చినవాళ్లు, గొంతు ఆపరేషన్ అయినవాళ్లు. వాళ్లకి ఏదైనా నున్నగా నలగాలి. పలుకు తగిలినా పీచు తగిలినా దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పల్చన చేస్తే నలుగుతుంది గానీ, నీళ్లలా ఉంటే ఇంకా తొందరగా దారి తప్పుతుంది. అందుకే చిక్కగా వెయ్యాలి, అందుకే మోటార్లు కాలాయి.

ఆ ఆరుగురిలో ఒకావిడ ముప్ఫై ఒక్కేళ్లు బస్సులో టికెట్లు కొట్టింది. మేం కండక్టరమ్మ అంటాం. ఎడమ పక్క పడిపోయింది. మాట ముద్దగా వస్తుంది. కుడి చేత్తో దుప్పటి అంచుని బొటనవేలితో నొక్కి చింపుతున్నట్టు లాగుతూ ఉంటుంది, టికెట్ చింపినట్టు. జనవరిలో పీచు అడ్డం పడి ఒకసారి గుక్క తిరగలేదు. అప్పట్నించి స్పూన్ చూస్తే పెదాలు బిగించేస్తోంది. బరువు తగ్గిపోతోంది. జూన్ పన్నెండున గొంతు పరీక్ష చేసే ఆవిడ వస్తుంది. అప్పటికి నోటితో సరిపడా తినకపోతే పొట్టకి రంధ్రం పెట్టి గొట్టం వేస్తారు. ఆ తర్వాత ఆవిడ ఇక ఏ రుచీ చూడదు.

మా మేనేజరు ఒక్క మెషీన్‌కి ఒప్పుకుంది. ఒక్కటే, తప్పయితే ఇంకోటి లేదు. నువ్వు చెప్పినవన్నీ చూసుకుని ఎంచాను. లోహపు పళ్లు ఉన్నాయి, స్క్రూలు ఉన్నాయి, రెండు హార్స్ పవర్, నా రెండు చేతుల మధ్య పట్టనంత జార్. గురువారం వస్తుంది.

ఇంతకు ముందు ఎందుకు చెప్పలేదంటే, నువ్వు తిట్టిందే జవాబు.

నీ తమ్ముడు, వంటవాడు


ఏప్రిల్ 7

అక్కా,

నీ జవాబు ఇంకా రాలేదు. ఆగలేక రాస్తున్నాను.

మెషీన్ వచ్చింది. మంచి మెషీన్. గర్జిస్తుంది. కానీ నాకు పనికి రాలేదు. గుప్పెడు క్యారెట్లు వేస్తే ఒక్క తిప్పుకి ఎగిరి గోడలకి అంటుకుంటాయి. మధ్యలో బ్లేడు ఉత్త గాల్లో తిరుగుతుంది. గరిటెతో కిందికి తోసి మళ్లీ వేస్తే మళ్లీ గోడలకే.

నీకు నేను సరిగ్గా రాయలేదు. నలభై సార్లు అంటే నలభై మందికి కాదు. ఆరుగురికే. మూడు పూటలు, పూటకి రెండు మూడు రకాలు, ఎవరిది వాళ్లకి, ఏ రకం ఆ రకానికి విడిగా వేస్తాను. నేను రాకముందు అన్నీ కలిపి ఒకేసారి వేసేవాళ్లు. మాంసం, బీన్స్, దుంపలు, అన్నీ కలిస్తే బురద రంగు వస్తుంది. మొదటి వారం నేనూ అలాగే వేసి తీసుకెళ్లాను. కండక్టరమ్మ గిన్నెలోకి చూసి, నా ముఖంలోకి చూసి, "ఇది ఏమిటి?" అంది. వండింది నేను, అయినా అది ఏమిటో చెప్పలేకపోయాను. మర్నాటి నుంచి విడిగా వేశాను. నారింజ రంగుది క్యారెట్, పచ్చది బీన్స్. అప్పుడు నోరు తెరిచింది.

ఇవాళ మేనేజరు వంటగదిలోకి వచ్చింది.

"మెషీన్ ఎలా ఉంది?"

"తక్కువ వేస్తే అందుకోవడం లేదండీ."

"ఎక్కువ వెయ్యండి. అందరిదీ కలిపితే తిరుగుతుంది కదా. పెద్దది కొన్నది అందుకే కదా."

కొనిపించింది నేనే.

ఇవాళ కలిపే వేశాను. గంధంలా నలిగింది. కండక్టరమ్మ కళ్లు మూసుకుంది.

తమ్ముడు


ఏప్రిల్ 9

తమ్ముడూ, వంటవాడా,

ఈ పేరు నీకు నప్పింది. మార్చి ఉత్తరం షాపులో కౌంటర్ మీదే చదివాను. ఒక కస్టమర్ "ఏంటమ్మా, కళ్లలో నలక పడిందా?" అన్నాడు. కార్బన్ పొడి అన్నాను.

ఆ రెండు హార్స్ పవర్ మెషీన్ ఇప్పటికే వచ్చి ఉంటుంది. ఇక నీకు దిగుల్లేదు. పదేళ్లు చెక్కు చెదరదు, నా మాట రాసి పెట్టుకో. అన్నీ ఒక్క దెబ్బకి నలిగిపోతాయి, నీ చేతికి విశ్రాంతి. ఆ కండక్టరమ్మ తినకపోతే నా షాపు బోర్డు దించేస్తాను.

బావ అడగమన్నారు, ఆవిడకి ఏం ఇష్టమట?

గర్వంగా ఉన్న
అక్క


ఏప్రిల్ 24

తమ్ముడూ,

ఏప్రిల్ ఏడున నువ్వు రాసింది ఇవాళ వచ్చింది. తొమ్మిదిన నేను రాసింది నీకు ఈపాటికి అందే ఉంటుంది. దాన్ని చింపి పారెయ్.

తప్పు నాది. కార్బన్‌ని సరిగ్గానే చదివాను. నలభై సార్లు మొదలైందని అదే చెప్పింది. నలభై మంది అని చెప్పలేదు. అది నేను నా తలలోంచి కలిపాను, నువ్వు ఆరుగురని రాశాక కూడా దిద్దుకోలేదు. నా కౌంటర్ ముందుకి నలభై సార్లు వేసేవాళ్లు ఎప్పుడూ హోటలు వాళ్లే వస్తారు కాబట్టి, ఒక మనిషికి ఒక గుప్పెడు విడిగా వేసేవాడు ఉంటాడని నాకు తట్టలేదు. ఒక్క మాట అడగాల్సింది, ఒకసారికి ఎంత వేస్తావు అని. మిక్సీ అడిగిన ప్రతివాణ్నీ అడిగే మాట, తమ్ముణ్ని తిట్టే హడావిడిలో మర్చిపోయాను.

మీ మేనేజరు మాటకి మాత్రం నేను ఒప్పుకోను. అన్నీ కలిపి వెయ్యమనేది మోటారు కోసమా? కాదు. నోరు తిరగని వాళ్లు ఫిర్యాదు చెయ్యలేరు కాబట్టి. పళ్లున్నవాడి కంచంలో మాంసమూ కూరా దుంపా కలిపి బురద చేసి పెట్టు, కంచం గోడకి కొడతాడు. మింగలేని మనిషి కళ్లు మూసుకుంటుంది, "ఆకలి లేదు" అని కాగితంలో రాసేస్తారు. తర్వాత గొట్టం వేస్తారు. ఆ కాగితంలో రాసింది అబద్ధం. ఆవిడకి ఆకలి ఉంది. ఏం తింటున్నానో తెలుసుకునే హక్కు అడుగుతోంది, అంతే. నువ్వు చేస్తున్న పని చిన్నది కాదని నీకు చెప్పాల్సిన అవసరం నాకు రాకూడదు.

ఇప్పుడు పని. పోయిన మూడు మిక్సీల జార్లు ఉన్నాయా? వాటిల్లో సన్నటిది, పొడుగ్గా, కింద గరాటులా ఇరుకైనది ఏది? దాన్ని కొత్త మోటారు మీద కూర్చోబెట్టాలి. రెంటి పళ్లూ కలవవు, మధ్యలో ఒక ముక్క కావాలి. అది నేను చేస్తాను. తిండికి తగలదు, జార్ కిందే ఉంటుంది.

కొత్త మోటారు పళ్ల మీద పల్చటి కాగితం పరిచి పెన్సిల్ పక్కకి వాల్చి రుద్దు. అచ్చు పడుతుంది. సన్న జార్ కింది పళ్లకీ అలాగే చెయ్యి. పాత రబ్బరు పళ్ల ముక్క ఊడితే అదీ పంపు. కొలతలు కూడా రాయి, కానీ నీ కొలతల్ని నేను నమ్మను.

అక్క


మే 8

అక్కా,

రెండు అచ్చులూ పెట్టాను. మూడుసార్లు రుద్దాను, మొదటి రెండూ చిరిగాయి. పళ్ల ముక్క గుడ్డలో చుట్టి ఉంది. కొలతలు నీ మరదలి కుట్టుపెట్టెలోని టేపుతో తీశాను. నవ్వకు.

నీ తొమ్మిదో తారీకు ఉత్తరం చింపలేదు. కండక్టరమ్మకి ఏం ఇష్టమో బావ అడిగారుగా, వెళ్లి అడిగాను. చాలాసేపు నోరు కదిపి, "పియర్స్" అంది. బస్సు డిపో బయట పియర్స్, అదే బేరిపళ్లు, అమ్మేవాళ్లట. ఆ మాట మొన్న చెప్పింది. ఈ నెలలో ఆవిడ నాతో మాట్లాడింది అదొక్కటే.

మొన్న మేనేజరుతో కాస్త గట్టిగానే మాట్లాడాను. తినిపించేవాళ్లకి మనిషికి పన్నెండు నిమిషాలు ఇస్తారు. కండక్టరమ్మ ఒక్కో స్పూన్ మింగడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. వంటగది పని అయ్యాక నేను కూర్చుని తినిపిస్తానన్నాను.

"మీరు వంటవాళ్లు. తినిపించడం మీ పని కాదు" అంది.

"వండింది తిన్నారో లేదో చూడటం ఎవరి పనండీ?"

నీ గొంతు నా నోట్లోంచి వచ్చినట్టు నాకే అనిపించింది. "జూన్ పన్నెండు దాకా కూర్చోండి. మిగతా పని మాత్రం ఆగకూడదు" అంది. అంత చెడ్డ మనిషేం కాదు. ఆవిడ చేతి కింద మనుషులు చాలరు, ఆవిడ పైవాడు ఇవ్వడు.

రోజులు దగ్గర పడుతున్నాయి.

తమ్ముడు


మే 22

తమ్ముడూ,

ముక్క పంపుతున్నాను. ఇత్తడిది. పక్క షాపులో లేత్ మెషీన్ మీద లోహం చెక్కే ఆయన, మా లేతాయన, మొదట మాట వినలేదు. "అమ్మా, కాగితం మీద పెన్సిల్ గీతలు చూసి లేత్ వెయ్యమంటారా?" అన్నాడు. "మీ అమ్మగారు మింగలేకపోతే వేస్తారా వెయ్యరా?" అన్నాను. ఆయన కాగితం అందుకున్నాడు. రెండు రోజులు ఆయన లేత్ మీద, నేను ఆకురాయి మీద. కూలి ఎంతని నేనడిగితే, ఆవిడ ఏం తిందో చెప్పమన్నాడు.

నీ టేపు కొలతకీ కాగితం మీద అచ్చుకీ మూడు మిల్లీమీటర్లు తేడా వచ్చింది. అచ్చునే నమ్మాను. గుడ్డ టేపు సాగుతుందిరా, నడుము కొలతకి చేసింది అది. మీ టేపుని నమ్మి ఉంటే ఈ ముక్క మొదటి తిప్పుకే ఎగిరి గోడలో దిగేది.

నా షాపులో హోటలు మోటారు మీద కూర్చోబెట్టి, పైన అదే కొలత జార్ పెట్టి గంటసేపు వేసి చూశాను. ఒణకలేదు. గుప్పెడు క్యారెట్లు వేశాను. కిందికే దిగాయి, బ్లేడు దగ్గరే తిరిగాయి. రెండు వేళ్ల మధ్య నలిపి చూశాను, ఏం తగల్లేదు. బావ స్పూన్‌తో తిన్నారు. "ఉప్పు లేదేంటి?" అన్నారు. కళ్లు మూయించి మళ్లీ పెట్టాను, "క్యారెట్" అన్నారు. అది చాలు.

జాగ్రత్తగా విను. మొదటి నంబరు మీదే వెయ్యి, పైకి తిప్పకు. చిన్న జార్‌కి ఆ మోటారు బలం ఎక్కువ. మూత మీద అరచెయ్యి నొక్కి పట్టుకో. పదిహేను సెకన్లు వెయ్యి, ఆపు, గరిటెతో కలుపు, మళ్లీ వెయ్యి. మీ దగ్గర కరెంటు పని చూసే అతనికి ముందు చూపించి, సరే అన్నాకే వాడు. దొంగతనంగా వాడకు. దాచే అలవాటు నీకు ఒకసారి అయింది, చాలు.

నలగకపోతే తిట్టుకుంటూ ఉత్తరం రాయి. నలిగితే ఏం తిందో రాయి, లేతాయన రోజూ అడుగుతున్నాడు.

అక్క


జూన్ 14

అక్కా,

మూడో తారీకున అందింది. కరెంటు అతను ముక్కని అరచేతిలో వేసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎవరు చేశారు?" అన్నాడు. మా అక్క అన్నాను. "ఆవిడ ఏ కంపెనీలో ఇంజనీరు?" అన్నాడు. ఆవిడదే ఒక కంపెనీ అన్నాను. సరే అని సంతకం పెట్టాడు.

ఆ రోజే పియర్స్ వేశాను. తొక్క తీసి, ఆవిరి మీద మెత్తబెట్టి, ఏమీ కలపకుండా. మొదటి నంబరు, పదిహేను సెకన్లు, నాలుగుసార్లు. తెల్లగా వచ్చింది. వేళ్లతో రాసి చూశాను. ఏమీ తగల్లేదు.

కండక్టరమ్మ మొదటి రోజు నోరు తెరవలేదు. పక్కన కూర్చుని గిన్నె ఆవిడ ముఖం దగ్గర పెట్టాను, వాసన తగిలేలా. "పియర్స్" అన్నాను. నావైపు చూడలేదు. రెండో రోజు ఒక్క స్పూన్. మింగింది. దగ్గు రాలేదు. దగ్గు రాలేదని ఆవిడకి అర్థం కావడానికి ఇంకాసేపు పట్టింది. నాలుగో రోజు ఐదు. తర్వాత క్యారెట్, తర్వాత మాంసం, ఒక్కోటీ పేరు చెప్పి. మిగతా ఐదుగురికీ విడిగానే వేస్తున్నాను. గొంతు ఆపరేషన్ అయిన ఆయన, మాట లేదు, పలక మీద "బీన్స్ ఇంకొంచెం" అని రాసి చూపించాడు. ఆయన ఒకటి కావాలని అడగడం ఇదే మొదలట.

మొన్న పరీక్ష. గొంతు చూసే ఆవిడ, మేనేజరు, నర్సు, మంచం చుట్టూ నిలబడ్డారు. నేను స్పూన్ పట్టుకుని కూర్చున్నాను. నా చెయ్యి మామూలుగా లేదు, స్పూన్ అంచు గిన్నెకి తగిలి టకటకమంటోంది. అంతమందిని చూసి కండక్టరమ్మ పెదాలు బిగించింది. పది నిమిషాలు అయ్యాయి. నర్సు గడియారం చూసుకుంది. "ఆకలి లేనట్టుంది" అని కాగితం తీసింది.

"రాయకండి" అన్నాను. "ఆవిడకి టైం కావాలి. ఇది పియర్స్ అండీ" అన్నాను, అటు వాళ్లకీ, ఇటు ఆవిడకీ.

అప్పుడు కండక్టరమ్మ దుప్పటి వదిలి కుడి చెయ్యి ఎత్తింది. ఒణుకుతున్న నా చేతికేసి చూసి, ముద్దగా, కానీ అందరికీ అర్థమయ్యేలా "ఇలా ఇవ్వు, ఒలకబోస్తావు" అంది. నా చేతిలోంచి స్పూన్ లాక్కుంది. తనే ముంచుకుంది. సగం గడ్డం మీద పడింది, సగం లోపలికి వెళ్లింది. మింగింది. మళ్లీ ముంచుకుంది. పదకొండు స్పూన్లు, యాభై నిమిషాలు. గొంతు చూసే ఆవిడ వేళ్లు కండక్టరమ్మ మెడ మీద పెట్టి ప్రతి గుటకా లెక్కపెట్టింది. మంచం తల వైపు వేలాడే కాగితంలో "నోటి ద్వారా, విడివిడిగా, తనంతట తాను" అని రాసింది. గొట్టం మాట కొట్టేసింది. మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తుందట. తినిపించే వాళ్లకి టైం పెంచమని మేనేజరు పైకి రాస్తానంది. రాసిందో లేదో రోజూ అడుగుతాను.

లేతాయనకి చెప్పు, పియర్స్ తింది.

స్పూన్ ఆవిడ తీసుకున్నాక నా చేతులకి పని లేకుండా పోయింది. కాసేపు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడ తినడం ఆపకుండానే నా వైపు చూసి, వంటగది వైపు గడ్డం ఎగరేసింది. వెళ్లి రేపటి క్యారెట్లు తరిగాను.

నీ తమ్ముడు